కాపురానికి రమ్మని కోర్టు చెబితే

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు మా పిన్ని కూతురు ఒక కాగితాల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, ఇందులో ఏముందో నాకు అర్థమయ్యేలా చెప్పు" అంది. చాలా ఏళ్ళు ఒక లాయర్‌గారి దగ్గర గుమస్తాగా పనిచేశాను కాబట్టి ఇంట్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా ముందు నా దగ్గరికే వస్తుంది. చూస్తే ఫ్యామిలీ కోర్టు సమన్లు, వెనకాల పిటిషన్ కాపీ, హిందూ వివాహ చట్టం సెక్షన్ 9. విడాకుల నోటీసు అనుకుని ఇంటిల్లిపాదీ రెండు రోజులుగా అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. తీరా చదివితే అది విడాకుల కేసు కాదు, దానికి పూర్తిగా ఎదురు కేసు. "నా భార్య ఎలాంటి సహేతుకమైన కారణం లేకుండా నన్ను విడిచి పుట్టింట్లో ఉంటోంది, ఆమెను నాతో కాపురానికి రమ్మని ఆదేశించండి" అని అల్లుడు కోర్టుని అడిగాడు. ఆ మాట వినగానే పిన్ని ముఖం విప్పారింది, "చూశావా, అతనికి ఇంకా దీని మీద ప్రేమ ఉంది" అంది. చెల్లి మాత్రం "ఎలాంటి సహేతుకమైన కారణం లేకుండా" అన్నచోట వేలు పెట్టి, తియ్యకుండా అలాగే కూర్చుంది.

అతనూ నాకు బాగా తెలిసినవాడే, వాళ్ళింట్లో చాలాసార్లు భోంచేశాను. ఫోన్ చేస్తే పాపం గొంతు పూడుకుపోయింది. "బావగారూ, మూడుసార్లు వచ్చాను అత్తయ్యగారింటికి, మూడుసార్లూ మంచినీళ్ళిచ్చి పంపించేశారు, తనని గదిలోంచి బయటికి కూడా రానివ్వలేదు. తన మనసు మంచిదే, వెనక నుంచి ఎవరో ఎక్కిస్తున్నారు" అన్నాడు. ఇదే మాట చెల్లితో అంటే, "ఆ గదికి లోపల నుంచి గడియ పెట్టుకున్నది నేనే, బయటికి రామ్మా అని మా అమ్మ తలుపు కొడుతూనే ఉంది" అంది. తలుపు ఒక్కటే, దానికి ఇవతల ఒక కథ, అవతల ఒక కథ. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదని నాకు ఇప్పటికీ నమ్మకం.

ఆ సెక్షన్ 9 అసలెక్కడిది, ఎందుకు పెట్టారు, దానితో ఏమవుతుంది అని చెల్లికి చెప్పడానికి కూర్చుంటే 140 ఏళ్ళు వెనక్కి, బొంబాయికి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడా ఇదే తలుపు కనిపించింది నాకు. ఆడమనిషి "నేను రాను" అంటే, ఆ "నేను"ని వదిలేసి, ఆపుతున్నది ఎవరా అని అందరూ ఇల్లంతా వెతుకుతారు.

అది రుఖ్మాబాయి అనే ఆమె మీద భర్త వేసిన కేసు. ఆమె 1864లో పుట్టింది, వడ్రంగి కులం. వాళ్ళమ్మ జయంతీబాయికి పదిహేనేళ్ళకే కూతురు పుట్టింది, పదిహేడేళ్ళకే భర్త పోయాడు. కొన్నేళ్ళ తర్వాత జయంతీబాయి డాక్టర్ సఖారామ్ అర్జున్‌ని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. వాళ్ళ కులంలో మారుమనువు ఆనవాయితీ ఉంది. (మన వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించడానికి ఎంత యుద్ధం చెయ్యాల్సి వచ్చిందో గుర్తు చేసుకుంటే, అదీ 1881 డిసెంబరులో, కులాన్ని బట్టి ఆడవాళ్ళ కష్టాలు ఎంత వేరుగా ఉండేవో తెలుస్తుంది.) మళ్ళీ పెళ్ళి చేసుకునేటప్పుడు మొదటి భర్త ఆస్తి, సుమారు 25,000 రూపాయల విలువ చేసేది, కూతురి పేర రాసింది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

పదకొండేళ్ళ వయసులో రుఖ్మాబాయికి దాదాజీ భికాజీ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడితో పెళ్ళి చేశారు. సఖారామ్‌కి దూరపు బంధువు, డబ్బులేనివాడు. మన భాషలో చెప్పాలంటే ఇల్లరికం లాంటి ఒప్పందం, మామగారింట్లో ఉండి చదువుకుని ప్రయోజకుడు కావాలి. పెళ్ళయిన కొన్ని నెలలకే పిల్ల పెద్దమనిషి అయింది, ఆచారం ప్రకారం కార్యం చెయ్యాలి. సఖారామ్ డాక్టరు కాబట్టి అంత చిన్నపిల్లకి అది కూడదని ఆపేశాడు. దాదాజీకి అక్కడే మొదట మనసు విరిగింది. చదువూ వంటబట్టలేదు, ఇరవై ఏళ్ళవాడిని బడిపిల్లాడిలా కూర్చోబెట్టడం అవమానం అనిపించింది, కొన్నాళ్ళకి మేనమామ నారాయణ్ ధుర్మాజీ ఇంటికి వెళ్ళిపోయాడు. రుఖ్మాబాయి తల్లి దగ్గరే ఉండిపోయి, లైబ్రరీ పుస్తకాలు తెప్పించుకుని ఇంట్లోనే చదువుకుంది. ఆ ఏళ్ళలో ఇద్దరూ ఒక్కరోజు కూడా కలిసి కాపురం చెయ్యలేదు.

1884లో దాదాజీ లాయర్లతో ఉత్తరం రాయించాడు, మనుషుల్ని పంపించాడు. ఆమె రానంది. బొంబాయి హైకోర్టులో కేసు వేశాడు.

దాదాజీ గురించి ఇప్పుడు రాసేవాళ్ళు ఎక్కువగా అతన్ని దుర్మార్గుడిగా ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. అతని వైపు నుంచి చూడండి. పద్ధతిగా, పెద్దల సమక్షంలో, ఆమె తరఫువాళ్ళ ఇష్టంతోనే పెళ్ళయింది. ఎనిమిదేళ్ళు ఎదురుచూశాడు. ఊళ్ళో, కులంలో "పెళ్ళాం కాపురానికి రాని మగాడు" అనిపించుకున్నాడు. అతని లెక్కలో రుఖ్మాబాయికి తన మీద కోపమేమీ లేదు, వాళ్ళమ్మా తాతా కలిసి ఆమె మనసు విరిచేస్తున్నారు, ఆమె మొగుడింటికొస్తే ఆ 25,000 ఆస్తి తమ చేతుల్లోంచి జారిపోతుందని ఆపుతున్నారు. 1887లో అతను తన కథంతా చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు కూడా, అందులో ఈ వాదన నిండా ఉంది. అందులో కొంత నిజం ఉండే ఉంటుంది, ఆస్తి ఉన్న ఇంట్లో ఆస్తి గురించి ఎవరూ ఆలోచించలేదంటే నేను నమ్మను.

అదే ఆస్తిని రుఖ్మాబాయి వైపు నుంచి చూస్తే, దాని కోసమే అతను కేసు వేశాడు. కోర్టుకిచ్చిన జవాబులో ఆమె చెప్పిన కారణాలు మూడు. నన్ను పోషించే స్థోమత అతనికి లేదు. అతని ఆరోగ్యం బాగాలేదు, ఉబ్బసం, క్షయ లక్షణాలు ఉన్నాయి. అతను ఎవరి పంచన ఉంటున్నాడో ఆ మనిషి నడవడి మంచిది కాదు, ఆ ఇంట్లో నేను ఉండలేను. వీటన్నిటి కింద ఇంకో మాట ఉంది, ఆ రోజుల్లో కోర్టు ముందు అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించలేం. తెలిసీ తెలియని వయసులో నా ఇష్టం అడక్కుండా చేసిన పెళ్ళికి నేను కట్టుబడను అని.

నాకు ఇందులో బాగా తగిలేది ఏంటంటే, ఆమెకి అసలు కారణం ఆ చివరిదే అయినా పై మూడూ చెప్పక తప్పలేదు. "ఇష్టం లేదు" అన్నది కోర్టులో కారణం కాదు కాబట్టి, ఎదుటి మనిషి రోగాన్నీ పేదరికాన్నీ నలుగురి ముందు బయట పెట్టాల్సి వచ్చింది. అతను అవమానంతో ఇంకా పట్టుదలకి పోయాడు. తగువు తీర్చాల్సిన పద్ధతే ఇద్దరిని పగవాళ్ళని చేసింది.

1885 సెప్టెంబరులో జడ్జి పిన్హీ తీర్పు చెప్పాడు. కేసు కొట్టేశాడు. ఆయన ముందు అడిగింది చాలా మామూలు ప్రశ్న, దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటున్నారు, అసలు దాంపత్యం మొదలే కాలేదు కదా, లేనిదాన్ని ఎలా పునరుద్ధరిస్తారు? ఇష్టంలేని మనిషి దగ్గరికి ఒక అమ్మాయిని బలవంతంగా పంపడం అనాగరికం, క్రూరం అన్నాడు. ఈ దావా మీ హిందూ ధర్మశాస్త్రంలో ఉన్నది కాదు, ఇంగ్లండు నుంచి వచ్చింది అని కూడా అన్నాడు.

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది, కొంచెం నిదానంగా చెబుతాను. పెళ్ళాం మొగుడి దగ్గరే ఉండాలన్న ధర్మం మన శాస్త్రాల్లో ఉంది, కాదనను. రానంటే కులపెద్దలు పిలిపిస్తారు, బతిమాలతారు, భయపెడతారు, వెలివేస్తారు. కానీ కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకుని, రాకపోతే జైల్లో పెట్టించడం మనది కాదు. అది ఇంగ్లండులో చర్చి కోర్టుల పద్ధతి. ఆ చర్చి విడాకులు ఇవ్వదు కాబట్టి, విడిపోయిన మొగుడూ పెళ్ళాల్లో ఒకరు ఫిర్యాదు చేస్తే రెండోవాళ్ళని వెనక్కి రమ్మని ఆదేశించేది. దాన్ని తెల్లవాళ్ళు ఇక్కడికి తెచ్చారు, 1867లో ఒక ముస్లిం దంపతుల కేసులో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసుల ఆఖరి అప్పీళ్ళు వినే లండన్ కోర్టు) ఇలాంటి దావా ఇక్కడా వేసుకోవచ్చంది. 1884లో, దాదాజీ కేసు వేసిన ఏడాదే, ఇంగ్లండులో ఆ డిక్రీని ధిక్కరిస్తే జైలు అన్నదాన్ని తీసేశారు. ఇక్కడ మాత్రం ఆరు నెలల దాకా జైలు అన్నదాన్ని అలాగే ఉంచేశారు.

పిన్హీ తీర్పు రాగానే పెద్ద దుమారం లేచింది. తిలక్ లాంటివాళ్ళు తమ పత్రికల్లో, ఈ జడ్జికి హిందూ చట్టం స్వభావమే తెలియదని, మన ఇంటి విషయాల్లో తెల్లవాడి జోక్యమేంటని రాశారు. వాళ్ళ ఆవేశం నాకు అర్థమవుతుంది, పరాయి పాలనలో అన్నీ పోగొట్టుకున్నవాళ్ళకి ఇల్లొక్కటే తమదిగా మిగిలింది, అందులోకీ వాడు వస్తున్నాడంటే కడుపు మండుతుంది. కానీ వాళ్ళు మన ధర్మం అని కాపాడినది ఇంగ్లండు చర్చి కోర్టు సరుకు. ఇటు సంస్కర్తలకి రుఖ్మాబాయి బాల్యవివాహాల మీద పోరాటానికి దొరికిన ఆయుధం. మలబారీ లాంటివాళ్ళు అప్పటికే ఆ పోరాటంలో ఉన్నారు. పండిత రమాబాయి మాట వీళ్ళందరికంటే సూటిగా ఉంది, దిక్కులేని ఆడదాన్ని కాపాడనందుకు ఇంగ్లీషు ప్రభుత్వాన్ని తప్పుపట్టి లాభం లేదు, ఈ దేశపు మగవాళ్ళతో చేసుకున్న ఒప్పందాన్ని అది నిలబెట్టుకుంటోంది అని రాసింది. రెండు పక్షాలూ రుఖ్మాబాయి పేరుతో కొట్టుకున్నాయి గానీ, పిన్హీ తీర్పు రాకముందే, 1885లో, ఆమె ఇంట్లో కూర్చుని "ఒక హిందూ మహిళ" అన్న మారుపేరుతో టైమ్స్ ఆఫ్ ఇండియాకి ఉత్తరాలు రాసింది. వాటిలో తన కేసు కంటే, పదేళ్ళకే చదువు ఆపేసి అత్తారింటికి పంపిన ఆడపిల్ల మెదడుకి ఏమవుతుందో ఎక్కువ రాసింది.

దాదాజీ అప్పీలుకి వెళ్ళాడు. 1886లో పై బెంచ్ పిన్హీ తీర్పు కొట్టేసి కేసు వెనక్కి పంపింది. 1887 మార్చి 4న జడ్జి ఫారన్ ఉత్తర్వు ఇచ్చాడు, నెలలోగా భర్త దగ్గరికి వెళ్ళాలి, లేదంటే ఆరు నెలలు జైలు. ఆమె జైలుకే వెళ్తానంది.

మనుషులు కథలు మార్చడం కూడా ఇక్కడే మొదలవుతుంది. విక్టోరియా రాణి కలగజేసుకుని ఆ పెళ్ళి రద్దు చేసిందని చాలాచోట్ల చదువుతాం. జరిగింది అంత గొప్పగా లేదు. 1888 జులైలో దాదాజీ 2,000 రూపాయలు తీసుకుని, తన హక్కు వదులుకుంటున్నానని రాజీ పడ్డాడు. కోర్టు ఖర్చులతో ఇద్దరూ అలిసిపోయారు. ఆమె జైలుకి వెళ్ళలేదు, అతనికి పెళ్ళాం రాలేదు, అతను వేరే పెళ్ళి చేసుకున్నాడు. రుఖ్మాబాయి 1889లో లండన్ వెళ్ళి వైద్యం చదివి, 1894లో పట్టా పుచ్చుకుని తిరిగొచ్చి సూరత్‌లో, రాజ్‌కోట్‌లో ఆడవాళ్ళ ఆస్పత్రుల్లో దశాబ్దాలు పనిచేసింది.

1904లో దాదాజీ చనిపోయాడు. ఆమె జీవితకథ రాసినవాళ్ళు చెప్పేదేంటంటే, అప్పటి నుంచి రుఖ్మాబాయి వితంతువులు కట్టే తెల్లచీర కట్టింది. ఆ మనిషితో ఉండనని జైలుకి సిద్ధపడినామె, అతను పోతే తెల్లచీర కట్టడమేంటి? నేను దీని గురించి చాలా ఆలోచించాను. కులాన్ని గౌరవించి కట్టిందనేవాళ్ళున్నారు, లోలోపల అతన్నే భర్త అనుకుందనేవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఇలా అనిపిస్తుంది, ఆమె పెళ్ళిని తిట్టలేదు, అతనికి చెడు కోరలేదు, బలవంతంగా రమ్మంటే రానంది, అంతే. ఎవరూ బలవంతపెట్టని రోజున తనకి తోచిన చీర తను కట్టుకుంది.

ఆమె 1955 సెప్టెంబరులో తొంభై ఏళ్ళ వయసులో చనిపోయింది. అదే ఏడాది మే 18న హిందూ వివాహ చట్టం అమల్లోకి వచ్చింది. విడాకుల హక్కు ఇచ్చింది, మంచిదే. కానీ సెక్షన్ 9 అని, దాదాజీ వేసిన దావానే చట్టంలో పెట్టింది. తను ఏ దావా మీద పోరాడిందో అదే స్వతంత్ర భారతదేశపు చట్టంలోకి వచ్చి నాలుగు నెలలయ్యాక ఆమె పోయింది.

మన తెలుగు నేల మీదికి వస్తే, 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి సరిత కేసు వచ్చింది. పదహారేళ్ళ వయసులో పెళ్ళయి, ఆ తర్వాత విడిగా ఉంటున్న సినిమా నటి మీద భర్త కడప సబ్‌కోర్టులో సెక్షన్ 9 కేసు వేశాడు. ఆ కోర్టుకి అధికార పరిధి లేదంటూ ఆమె హైకోర్టుకి వెళ్తే, జస్టిస్ పి.ఎ. చౌదరి ఏకంగా ఆ సెక్షనే రాజ్యాంగానికి విరుద్ధం అని కొట్టేశారు. మనిషి శరీరం మీద, ఎవరితో ఉండాలన్న నిర్ణయం మీద రాజ్యానికి హక్కు లేదు, బిడ్డని కనాలా వద్దా అన్నది కూడా ఈ ఆదేశం ఆడదాని చేతుల్లోంచి లాక్కుంటుంది అన్నది ఆయన వాదన. పేరుకి ఇద్దరికీ సమానమైన చట్టమే అయినా దాని బరువంతా ఆమె ఒంటి మీదే పడుతుందని రాశారు. కొన్ని నెలలకే ఢిల్లీ హైకోర్టు ఇంకో కేసులో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, ఇంటి లోపలికి రాజ్యాంగాన్ని తేకూడదు, ఇది సంసారం నిలబెట్టడానికి ఇచ్చిన అవకాశం అంది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. సెక్షన్ 9 నిలబడింది. 2019లో మళ్ళీ దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు.

1984 కేసులో పిటిషన్ వేసింది భర్త కాదు, భార్య. నన్ను కాపురానికి రానివ్వడం లేదు, ఆదేశించండి అని ఆమె అడిగింది. భర్త సరేనన్నాడు, డిక్రీ వచ్చింది. ఏడాది తిరిగాక ఆ డిక్రీ పట్టుకునే అతను విడాకులు అడిగాడు, ఏడాదిగా మేం కలిసి లేం కదా అని. చట్టంలో ఆ వీలుంది, సెక్షన్ 9 డిక్రీ వచ్చాక ఏడాదిలోగా కలవకపోతే ఎవరైనా సరే, డిక్రీ తెచ్చుకున్నవాళ్ళయినా, దాన్ని తిరస్కరించినవాళ్ళయినా, దాని మీదే విడాకులకి వెళ్ళొచ్చు. కాపురం నిలబెట్టడానికి అని రాసిన సెక్షను విడాకులకి మెట్టు అవుతుందని మా పిన్నికి చెబితే ఆవిడ చాలాసేపు నమ్మలేదు.

లాయర్ ఆఫీసుల్లో నేను చూసింది కూడా ఇదే. సెక్షన్ 9 పిటిషన్ల వెనక నిజంగా మనిషి రావాలని కోరుకునేవాళ్ళున్నారు, కాదనను, ఏడుస్తూ వచ్చి వేసినవాళ్ళని చూశాను. కానీ చాలా వాటికి వేరే లెక్క ఉంటుంది. ఆమె మనోవర్తి కేసు వేస్తుందని అనుమానం వస్తే, "నేను రమ్మంటూనే ఉన్నాను, ఆవిడే రావడం లేదు" అని రికార్డు మీద ఉంచడానికి ముందుగా ఇది వేయిస్తారు. ఈ ఎత్తు ఇప్పుడు మునుపటిలా సాగదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, డిక్రీ ఉన్నా రాలేదన్న ఒక్క కారణంతో భార్యకి మనోవర్తి ఆపడానికి లేదని, ఎందుకు రాలేదో చూడాలని చెప్పింది. ఇంకో సంగతి, డిక్రీ వచ్చినా పోలీసులొచ్చి జుట్టు పట్టుకుని లాక్కెళ్ళరు, జైలు ఎప్పుడో తీసేశారు. మహా అయితే ఆస్తి జప్తు దాకా వెళ్ళొచ్చు. ఇది చెప్పాక చెల్లి ఆ రాత్రి కాస్త నిద్రపోయింది.

ఇక ఆ "సహేతుకమైన కారణం". దాన్ని చూపించాల్సింది రానన్న మనిషే. చెల్లిని వాళ్ళ లాయర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన మంచి మనిషే, అనుభవం ఉన్నవాడు. కౌంటర్లో, అంటే పిటిషన్‌కి మనమిచ్చే జవాబులో, ఏం రాయాలో అడిగాడు. కొట్టాడా? లేదు. కట్నం అడిగాడా? లేదండీ. తాగుతాడా, వేరే సంబంధం ఉందా? లేదు. ఆయన పెన్ను పక్కన పెట్టి, "మరి ఎందుకొచ్చేశావమ్మా?" అన్నాడు. ఆయన గొంతులో తప్పుపట్టడం ఏమీ లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

అతను మాట్లాడడు. అదే కారణం. కూరలో ఉప్పు ఎక్కువైందనో, వాళ్ళక్క ఫోను ఎత్తలేదనో ఒక రోజు మొదలుపెడితే పది రోజులు, ఇరవై రోజులు మాట ఉండదు. ఎదురుగా కూర్చుని తింటాడు, పక్కన పడుకుంటాడు, ఆమె అక్కడ లేనట్టు తిరుగుతాడు. పాల లెక్క రాసుకునే క్యాలెండర్లో లీటర్ల అంకె కింద, అతను మాట్లాడని రోజున చెల్లి ఒక చుక్క పెట్టేది. నేను చూశాను ఆ క్యాలెండరు. ఒక నెలలో పంతొమ్మిది చుక్కలున్నాయి. ఇది అతన్ని అడిగితే, "బావగారూ, మా నాన్నకి కోపమొస్తే కంచం విసిరేవాడు, అమ్మని కొట్టేవాడు. నేను అలా కాకూడదని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. కోపమొస్తే నోరు మూసుకుంటాను. ఒక్కసారైనా అరిచానేమో తనని అడగండి" అన్నాడు. అరవలేదని చెల్లి కూడా ఒప్పుకుంటుంది. అతను తన సంసారాన్ని కాపాడుకుంటున్నాను అనుకున్న ఆ మౌనంలోనే ఆమెకి ఊపిరాడలేదు. దీన్ని ఏ కాలమ్‌లో రాస్తాం?

కొంచెం కట్నం మాట కలుపుదామని, కేసు గట్టిగా ఉంటుందని లాయర్‌గారు మెల్లగా సూచించారు. చెల్లి వద్దంది. "జరగనిది రాస్తే రేపు కోర్టులో అతని ముఖం చూడలేను" అంది. నాకు రుఖ్మాబాయి జవాబులో క్షయ గురించి రాసిన లైను గుర్తొచ్చింది, దాదాజీ అది చదువుకుని ఎలా ఉండి ఉంటాడో అని కూడా అనిపించింది.

కౌన్సెలింగ్ రోజున వాయిదాకి చెల్లి ఆ క్యాలెండర్ని గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చింది. వరండాలో అతను ఎదురై, అందరి ముందూ, "బాగున్నావా?" అన్నాడు. ఆమె "ఆఁ" అంది. లాయర్‌గారు క్యాలెండరు తీసుకుని పేజీలు తిప్పారు, పాల లెక్క ఏదో చుక్కలేవో ఆయనకి మొదట తెలియలేదు, చెల్లి పక్కన నిలబడి వేలితో చూపించింది. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కో నెలా లెక్కపెట్టడం మొదలుపెట్టారు.